ప్రశ్నావళిలో పాలమూరు

ఒక కవితా సంపుటి వచ్చినా, ఒక నవల వచ్చినా మన విమర్శకుల కలాలు వెంటనే కదులుతాయి. అది మంచిదే. కాని మన ప్రజల జీవితాన్ని గురించి నేడు అచ్చవుతున్న రచనల్లో చాలా భాగం కవితలూ కావు, నవలలూ కావు, పరిశోధన వ్యాసాలు. వాటిని రాసేవారు వేరు, చదివేవారు వేరు, వాటిలో కనిపించేవారు వేరు. వాటిని చూపించి పథకాలు పుట్టిస్తారు, వాటినే చూపించి కోతలు పెడతారు. కథలో పాత్ర సహజంగా లేకపోతే పాఠకుడు కాస్త చిరాకుపడి పుస్తకం మూసేస్తాడు. సర్వేలో మనిషి సహజంగా లేకపోతే ఆ మనిషి లెక్కలోంచే పోతాడు. అందుచేత ఇటువంటి రచనలను కూడా సాహిత్య విమర్శ తన పరిధిలోకి తెచ్చుకోవాలని నా అభిప్రాయం. ఆ ఉద్దేశంతోనే పాలమూరు వికలాంగుల జీవితంపై వెలువడిన కొన్ని వ్యాసాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఈ వ్యాసాల ప్రధాన రచయిత్రి మాక్టగార్ట్ అనే పరిశోధకురాలు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో హన్నా కూపర్, సారా పోలాక్‌లతోనూ, హైదరాబాదు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో పనిచేసిన మన జి.వి.యస్. మూర్తితోనూ కలిసి ఆమె ఈ పని చేసింది. 2013లో ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు వాయవ్య ప్రాంతంలోనూ, 2014 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఒకే పద్ధతిలో సర్వే జరిపారు. ఒక్కొక్క చోట మూడున్నర వేలకు పైగా మనుషులను, పసిపిల్లలు మొదలు ముసలివారి దాకా, పరీక్షించారు. ఫలితాలు 2016 మొదలు 2018 దాకా వేర్వేరు పత్రికల్లో వచ్చాయి.

ఇందులో ఒక చిత్రమైన సంగతి వుంది. సర్వే జరిగినప్పుడు ఆ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో వున్నది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ముఖ్యమైన మొదటి వ్యాసం 2016 అక్టోబరులో అచ్చయింది. సరిగ్గా ఆ నెల 11వ తేదీననే ఆ జిల్లా ముక్కలయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరే జిల్లాలయినాయి. ఏ జిల్లాను గురించి రాశారో ఆ జిల్లా వ్యాసం వెలువడేనాటికి లేదు. నేడు ఈ మూడు జిల్లాలలో వికలాంగుల స్థితి ఏమిటని అడిగేవారికి ఇంతటి లోతుగల ఆధారం ఇదొకటే కనిపిస్తుంది. కాని ఇందులో గద్వాల మగ్గం లేదు, వనపర్తి వలస లేదు, అమ్రాబాదు అడవి లేదు. జిల్లా పేరొక్కటే వుంది. నలభై లక్షల మంది ఆ పేరు వెనుక నిలబడి వున్నారు.

లోపాల పట్టిక రాయడం సులభం గనుక ముందు ఈ పరిశోధన విలువ ఎక్కడుందో చెబుతాను. మన దేశంలో జనాభా లెక్కలవాళ్ళకు వికలాంగులు ఒక వింత అతిథి. 1872 మొదలు 1931 దాకా పిచ్చివారు, మూగచెవిటివారు, గుడ్డివారు, కుష్ఠురోగులు అని లెక్కపెట్టారు. 1941 నుంచి నాలుగు లెక్కల్లో ఆ ప్రశ్నే తీసేశారు. 1981లో ఒకసారి అడిగారు, 1991లో మళ్ళీ మరిచారు. 2001లో వికలాంగుల ఉద్యమాలు పోరాడి ఆ ప్రశ్నను తిరిగి తెచ్చుకున్నాయి. 2011లో దేశం మొత్తం మీద వచ్చిన లెక్క నూటికి 2.21. అదే దశాబ్దంలో మాక్టగార్ట్ బృందానికి పాలమూరులో కనిపించినది నూటికి 12.2. కామెరూన్‌లో కూడా పదికి పైనే. గుమాస్తా గడపలో నిలబడి "మీ ఇంట్లో వికలాంగులెవరైనా వున్నారా?" అని అడిగితే వచ్చే జవాబుకూ, ఇంట్లో కూర్చుని ఒక్కొక్కరినీ విడివిడిగా పలకరించి, పరీక్షించి చూస్తే తేలే లెక్కకూ ఇంత భేదం. ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ వ్యాసాలను మన భాషలోకి తేవలసిన అవసరం వుంది.

ఈ పరిశోధకులు ఒక మనిషిని రెండు కొలబద్దలతో కొలిచారు. ఒకటి ఆ మనిషి నోటిమాట. చూడడం, వినడం, నడవడం, గుర్తుంచుకోవడం, తన పనులు తాను చేసుకోవడం, ఇతరులతో మాట్లాడడం: ఈ ఆరింటిలో కష్టమేమీ లేదా, కొంచెమా, చాలానా, అసలు చేతగాదా అని అడిగారు. ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం 2001లో ఏర్పరచిన వాషింగ్టన్ బృందం తయారుచేసిన ప్రశ్నలివి. వికలాంగత అనే మాట వీటిలో రాదు. ఆ మాట వినగానే జనం వెనక్కు తగ్గుతారని తెలిసి కావాలనే మానేశారు. రెండవది వైద్యపరీక్ష. కన్ను, చెవి, ఎముకలు కీళ్ళు, మానసికంగా కుంగుబాటు, వీటిని నిర్ణీత పద్ధతుల్లో పరీక్షించారు. తరువాత రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

రెండూ కలవలేదు. పరీక్షలో లోపం బయటపడినవారిలో ఎంతోమంది నాకేం కష్టం లేదన్నారు. నాకు చాలా కష్టమన్నవారిలో కొందరికి ఆ పరీక్షల్లో ఏ లోపమూ తేలలేదు. రెండు కొలబద్దలూ రెండు వేర్వేరు మందలను చూపించాయి; కొంతమేరకే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పరిశోధకులు దీన్ని దాచలేదు, చిన్నది చేసి చూపలేదు. తమ వ్యాసానికి ఇదే కేంద్రమన్నారు. ఒక్క ప్రశ్నావళితో సరిపెట్టుకోవద్దు, రెండు పద్ధతులూ కలిపి వాడండి అని సలహా చెప్పారు. నిజాయితీ గల రచన ఇది. అయితే ఈ తేడా ఎందుకు వచ్చిందన్న చోట వ్యాసం తొందరగా ముగిసిపోతుంది. నా అసంతృప్తి అక్కడ మొదలవుతుంది.

నా ఉద్దేశంలో ఈ తేడాలో మంచి భాగం వైద్యంలో లేదు, మాటలో వుంది.

ఆ ఆంగ్ల ప్రశ్నలోని కీలకపదానికి తెలుగులో సాధారణంగా రెండు మాటలు దొరుకుతాయి: కష్టం, ఇబ్బంది. "నడవడం మీకు కష్టంగా వుందా?" ఈ ప్రశ్న పట్నంలో చదువుకున్నవాడికి వినిపించేది ఒక తీరు, పాలమూరు కూలికి వినిపించేది మరొక తీరు. పాలమూరులో కష్టమంటే లోపం కాదు, శ్రమ. కష్టం చేసుకుని బతకడమంటే వొళ్ళు వంచి బతకడం. "కష్టం జేసినోనికే కూడు" అనే ఊళ్ళో కష్టం గౌరవప్రదమైన మాట. చేతగానివాడికి కష్టమెక్కడిది? కష్టం చేయలేడు గనుకనే గదా వాడు చేతగానివాడయినది! మోకాళ్ళు అరిగిన మనిషి "కష్టం లేకుంట యాడ నడుస్తది సారూ" అంటే, సర్వే చేసేవాడు దాన్ని ఏ గడిలో రాసుకోవాలి? కొంచెం అనా, చాలా అనా? అతను తన నడకను గురించి చెప్పలేదు, లోకాన్ని గురించి చెప్పాడు.

ఇబ్బంది అనే మాటదీ ఇటువంటి చిక్కే. ఇబ్బంది అనేది మర్యాద పుట్టించే మాట. ఇంటికి వచ్చిన పరాయివాడు, చేతిలో కాగితం, మెడలో కార్డు, మీకేమైనా ఇబ్బంది వుందా అని అడుగుతాడు. దానికి మన సమాజంలో ఒకే జవాబు: ఏం లేదు. తన బాధను ఇబ్బంది అని చెప్పుకోవడమంటే తన కోడలికి, తన కొడుక్కు ఇబ్బంది అని ఒప్పుకోవడమే. ముసలివాళ్ళు అందుకు తెగిస్తారా? నిజాం కాలం నుంచి ఆ ప్రాంతపు నోళ్ళలో నలిగిన ఉర్దూ మాట ఇంకొకటి వుంది, తక్లీబు. "కండ్లకు తక్లీబు అయితున్నది" అనడంలో సిగ్గు లేదు, శ్రమా లేదు. వట్టి బాధే వుంది. ప్రశ్నకు సరిపోయే మాట ఇదే కావచ్చు. కాని అచ్చులో దిగే తెలుగులో తక్లీబుకు చోటు దొరకదు. పాఠ్యపుస్తకాలు తెలంగాణ పలుకుబడిని బయట నిలబెట్టిన ఫలితం ఇంత దూరం, వైద్యశాస్త్రం దాకా వచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రెండు దేశాలను పోల్చాలంటే ప్రశ్న ఒకటే వుండాలి గదా, ఊరికొక మాట వాడితే పోలిక ఎట్లా నిలుస్తుంది, అని. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. ఫుండోంగ్ కొండల్లో రైతునూ, ఇటిక్యాల దగ్గర రైతునూ ఒక పట్టికలో చూపడానికి ఎంతో కొంత భాషను బలి ఇవ్వకతప్పదు. కాని ఒకే మాట వాడినంత మాత్రాన ఒకే ప్రశ్న అడిగినట్లవదు. వినేవాడికి ఒకే అర్థం తగిలినప్పుడే ప్రశ్న ఒకటవుతుంది. పోలిక కోసమైనా ముందు మాటనే పరీక్షించాలి.

కుంగుబాటు సంగతిలో ఇది మరీ స్పష్టం. దాన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది. గత రెండు వారాలలో ఎన్నాళ్ళు ఇట్లా అనిపించింది అని అడుగుతుంది. నిద్ర పట్టకపోవడం, వొళ్ళు అలసి వుండడం, ఆకలి లేకపోవడం దాని గుర్తులలో కొన్ని. పత్రిక చదివేటప్పుడో టెలివిజన్ చూసేటప్పుడో మనసు నిలవకపోవడం మరొకటి. 2011 లెక్కల ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ వున్న జిల్లా మహబూబ్‌నగరే, నూటికి 55. నేటి గద్వాల జిల్లా హద్దుల్లో చూస్తే సగం కంటే తక్కువ. అక్కడ పత్రిక మీద మనసు నిలవడం ఎందరి అనుభవం? అలసట మాట చూడండి. గద్వాల పొలాల్లో పత్తి విత్తనానికి క్రాసింగ్ పని సాగే రోజుల్లో వంగి మొగ్గలు ఒలిచినవాడికి రెండు వారాలూ అలసటే. అది రోగమా, కూలిరేటా?

ఆ మాండలికంలో మనసు బాధకు పేర్లు లేక కాదు. బుగులు వేరు, రంది వేరు. బుగులు ముందు రాబోయేదాన్ని గురించి. రంది పోయినదాన్ని గురించి, రానిదాన్ని గురించి, లోపల కూర్చుని తినేది. "మనిషి రందితోని ఎండిపోయిండు" అంటే ఊరందరికీ అర్థమవుతుంది, వైద్యుడికి తప్ప. పానం గుంజుతున్నదనడంలో వొళ్ళూ మనసూ విడివిడిగా లేవు. కాలు పోయిన మనిషికి కాలు ఒక గడిలో, కుంగుబాటు ఇంకొక గడిలో వేసే పట్టిక ఇటువంటి మాటను పట్టుకోలేదు. వికలాంగుల మనస్తత్వాన్ని గురించి తెలుగులో రాయదలచినవారు ఈ రెండు మాటలతో మొదలుపెడితే ఒక పుస్తకానికి సరిపోయే సరుకుంది.

2018లో వచ్చిన మరొక వ్యాసం జీవనోపాధిని గురించినది. వయసూ, ఆడమగా సరిపోయే ఇతరులతో పోల్చినప్పుడు వికలాంగులైన పెద్దవాళ్ళు పనిలో వుండే అవకాశం రెండు దేశాల్లోనూ దాదాపు అయిదు రెట్లు తక్కువ అని అందులో తేల్చారు. గుండె జల్లుమనే సంగతి. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పని అంటే ఏది? గద్వాల చీర నేసే ఇంటిని తీసుకోండి. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నవాడు ఒక్కడే నేతగాడుగా కనిపిస్తాడు. నూలు నేతకు పట్టు అంచు అతికే కుప్పడం పని అతని చేతిదే. కాని కండెలు చుట్టినదెవరు? నూలు తీసినదెవరు? కళ్ళు కనబడని అత్త, కాలు ఈడ్చే ఆడబిడ్డ, బడి మానిన పిల్ల. వాళ్ళ చేతులు ఆగితే మగ్గం ఆగుతుంది. కాని కూలి ఒక్కరి పేర వస్తుంది, పనివాడు ఒక్కడే అవుతాడు. కూలి దొరికే పని నుంచి వికలాంగులను నెట్టివేస్తున్నారన్నది నిజం. ఈ వ్యాసం దాన్ని రుజువు చేసింది. వాళ్ళు చేస్తున్న కూలిలేని పనిని పనిగా చూడకపోవడం దానికి రెండవ ముఖం. దాని గురించి ఈ వ్యాసంలో నాకు చాలినంత దొరకలేదు.

మగ్గం మీది మనిషి సంగతి కూడా ఆలోచించండి. పోగులు లెక్కపెట్టే కన్ను మసకబారిందని ఒప్పుకుంటే షావుకారు సరుకు ఇవ్వడం మానేస్తాడు. పరీక్షలో దొరికిన లోపం నోటిమాటలో దొరకకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకాలా?

ఈ వ్యాసాలన్నిటిలో నాకు బాగా నచ్చినది నీళ్ళనూ పాయిఖానాలనూ గురించి, ఇది కూడా 2018లోనే వచ్చింది. ఇందులో మన దేశంతోబాటు బంగ్లాదేశ్, కామెరూన్, మలావీ కూడా వున్నాయి. ఇంటింటి లెక్క చూస్తే వికలాంగులున్న ఇళ్ళకూ లేని ఇళ్ళకూ నీటి వసతిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడితో ఆగితే అధికారులకు సంతోషం. పరిశోధకులు ఆగలేదు, గడప దాటి లోపలికి వెళ్ళారు. ఇంటికి పంపు వుంది, ఆ మనిషి పంపు దాకా పోలేదు. పాయిఖానా వుంది, అందులోకి ఆమె ఒక్కతే పోలేదు. ఇంటి సగటు కింద మనిషి మాయమవుతాడని ఇంత సూటిగా నిరూపించిన రచన మన కథల్లో కూడా అరుదు. మన కథకులు కుటుంబాన్ని ఒక్క ముద్దగా చూడడం అలవాటు చేసుకున్నారు: పేద కుటుంబం, చేనేత కుటుంబం, వలస కుటుంబం. ఆ కుటుంబంలో నీళ్ళకోసం పొద్దుటి నుంచి ఎదురుచూసే మనిషి ఎవరు? కొడుకు పొలం నుంచి వచ్చేదాకా దాహం చంపుకునేది ఎవరు? కథకుడు అడగవలసిన ఈ ప్రశ్నను గణాంకవేత్త అడిగాడు. మన కథల్లో వికలాంగులు వస్తే శకునిగానో మంథరగానో వస్తారు. లేకపోతే చివరి పేజీలో కళ్ళు తుడుచుకోవడానికి పనికివస్తారు. నీళ్ళు తాగడానికి మాత్రం రారు.

ఇక నా ప్రధానమైన ఆక్షేపణ. ఈ రచనలు ఎందరు అని అడుగుతాయి, ఎట్లా వున్నారు అని అడుగుతాయి. ఎందువల్ల అన్న ప్రశ్న నాకు వాటిలో బలంగా వినిపించలేదు. పక్కనే వున్న నల్లగొండను గురించి 1955లో సిద్దీఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. వెన్ను బిగిసి వంగిపోయిన మనుషులను చూసి, వాళ్ళు తాగే నీళ్ళలోని ఫ్లోరైడును వేలెత్తి చూపించాడు. అది చిన్న వ్యాసమే, మూడున్నర వేల మందితో చేసినది కాదు. కాని ఒక వంగిన వెన్నుకూ ఒక బావికీ సంబంధం చెప్పింది. సంబంధం తెలిసినాక నీళ్ళు మార్చమని జనం అడగగలిగారు.

పాలమూరులో వంగిన వెన్నులకు సంబంధం దేనితో చెప్పాలి? తరతరాలుగా ఆనకట్టలూ రోడ్లూ మేడలూ కట్టడానికి దేశమంతా తిరిగిన కూలీలు వాళ్ళు. గుంపు మేస్త్రీ దగ్గర ముందు డబ్బు తీసుకుని కట్టుబడి పోయినవారు. ఎక్కడో పరంజీ మీద నుంచి పడినవాడు పాలమూరుకు తిరిగివచ్చి వికలాంగుడుగా లెక్కకెక్కుతాడు. వాణ్ణి పడగొట్టిన పరంజీ ఏ లెక్కకూ ఎక్కదు. పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అంటే పంటలైపోయి కాలూ చెయ్యీ ఆడేవాళ్ళు వలసలో వుండే కాలం. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళూ, పోలేనివాళ్ళూ. పాలమూరు గురించి చెప్పే ఏ లెక్కకైనా నెలల పేర్లు కూడా అంకెలంత ముఖ్యమైనవని చదువరి గుర్తుంచుకోవాలి.

ఇదంతా పండితుల తగువు కాదు. చట్టం ప్రకారం నూటికి నలభై వంతుల వికలత వున్నట్లు ధృవపత్రం వుంటేనే వికలాంగులకు ఉద్దేశించిన ముఖ్యమైన లాభాలు అందుతాయి. 1995 చట్టం పెట్టిన ఆ గీతను 2016 చట్టం కూడా వుంచింది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఒక కుటుంబం నిలబడడానికీ పడిపోవడానికీ మధ్య ఆ డబ్బుంది. ఆ నలభైని తేల్చేది వైద్యుడి కొలబద్ద ఒక్కటే. నోటిమాటకు అక్కడ విలువ లేదు. 2016కు ముందు అమ్రాబాదు మీది పెంట నుంచి ఒక చెంచు ముసలివాడు తన కాలు ఎంత శాతం పోయిందో రాయించుకోవడానికి జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్లకు పైగా పోవలసి వచ్చేది. ఆ ప్రయాణం చేయగలిగితే నడవగలడని రాస్తారేమోనని భయపడవలసిన ప్రయాణం అది! వైద్యపరీక్ష ఒక్కటే మనిషి కష్టాన్ని చెప్పదని మాక్టగార్ట్ వ్యాసం అంకెలతో చెప్పింది. ఈ మాటను కోర్టుల్లోనూ కలెక్టరు కచేరీల్లోనూ వాడుకోవలసినవాళ్ళు వికలాంగుల సంఘాలవాళ్ళు. వాళ్ళ చేతికి అది ఇంకా తెలుగులో అందలేదు.

గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు రాజుల శాసనాలతో తృప్తిపడలేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ మాటలన్నారు అని కావ్యాల మూలల్లోంచీ వాడుక మాటల్లోంచీ ఏరి తెచ్చాడు. 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానం ఆ పుస్తకానికే వచ్చింది. మాటలను సాక్ష్యంగా తీసుకునే ఆ పద్ధతి ఈ పనికి కావాలి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. అక్కడ చదివే పిల్లల్లో ఆ ఊళ్ళవాళ్ళు కూడా వుంటారు. తక్లీబు, రంది, బుగులు వాళ్ళకు అమ్మ నోట విన్న మాటలు. ఆ ఆరు ప్రశ్నలనే తీసుకుని, ముందు తమ ఊరి మాటలో ముసలివాళ్ళను అడిగి, ఏ మాటకు ఏ జవాబు వస్తుందో రాసిపెట్టుకోవచ్చు. వేసవిలో ఒకసారి, వలస పోయినవాళ్ళు తిరిగివచ్చిన తరువాత తొలకరిలో ఒకసారి అడగవచ్చు. దానికి లండన్ డబ్బు అక్కరలేదు. రెండు నోటుపుస్తకాలు చాలు, ఒకటి జవాబులకు, మరొకటి ఆ మనిషి చేసిన పనులన్నీ వరుసగా రాసుకోవడానికి.